చివరి గడిలో కాలు పెట్టని పిల్లలు

మొన్న షాద్‌నగర్‌లో మా తమ్ముడింటికి పోయినప్పుడు, వాళ్ల మనవరాలు గోడకు చేరగిలబడి ఫోనులో ఇంగ్లీషు మాటల ఆట ఆడుతూ కనిపించింది. తెర మీద మేక బొమ్మ వస్తుంది, పాప దాని పేరు చెబుతుంది, చుక్కలు రాలుతాయి, ఇంకో బొమ్మ వస్తుంది. ఎవరితో ఆడుతున్నావు బిడ్డా అని అడిగితే, తల ఎత్తకుండా ఫోనునే చూపించింది. నేనూ కాసేపు ఆడి, ఓడి, ఓడినందుకు నన్ను చూసి నవ్వేవాళ్లెవరూ లేరేమిటా అనుకుంటూ కూర్చున్నాను. ఆ వరసలోనే, నేను ముగ్గుపిండితో ఇంగ్లీషు నేర్పిన రోజులు గుర్తుకొచ్చాయి. ఆ కాలంలో చిన్న బడుల్లో పాఠాలు చెప్పినవాళ్లకు ఇదేమీ వింతగా తోచకపోవచ్చు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను అమ్రాబాద్ గుట్టలకు ఇవతల ఒక చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు చెప్పాలన్నారు గానీ ఎలా చెప్పాలో ఎవరికీ అంతగా తెలియదు, నాకసలే తెలియదు. నేను పుట్టి పెరిగింది భజన మండలి నడిపే ఇల్లు. బాపు భాగవతం చదివి అర్థం చెబుతుంటే స్తంభానికి ఆనుకుని విన్నదాన్ని, తాళాలు పట్టడం వచ్చాకే పలక పట్టినదాన్ని. నాకు తెలిసిన చదువు ఒకటే: ఒకరు అందివ్వాలి, పదిమంది అందుకోవాలి. నాలుక మీదికి ఏ మాట వచ్చినా భగవంతుడి దయతోనే వస్తుందని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఆ బడిలో మూడో తరగతిలో గొర్ల కాపరుల ఇంటి పాప ఒకతె ఉండేది. తరగతిలో నోరు విప్పేది కాదు. తెలుగైనా అంతే, ఇంగ్లీషైనా అంతే. అదే పాప ఆ ఊరి శనివారం భజనలో వాళ్ల అవ్వ ఒళ్లో కూర్చుని గొంతెత్తి పాడేది. ఒకే నోరు ఒకచోట ఎందుకు తెరుచుకుంటుంది, ఇంకోచోట ఎందుకు మూసుకుంటుంది అని నాకు ఒకటే వింతగా ఉండేది. ఇంతలో వాళ్ల నాయిన వచ్చి, మేత తరిగింది, మంద కృష్ణా నది దిక్కు దిగుతుంది, పిల్లను వెంట తీసుకుపోతానన్నాడు. "బడిల నోరే ఇప్పకపాయె. గొర్ల ఎంబడన్న వస్తె ఇంత పని నేర్సుకుంటది పంతులమ్మా." దాని అక్క కూడా ఇలాగే మంద వెంట పోయి మళ్లీ బడి ముఖం చూడలేదు. ఇదీ పోతే ఇంతే. మంద కదిలేదాకా ఆగమని బతిమాలుకున్నాను.

అప్పుడు తోచిందే వైకుంఠపాళి. ముక్కోటి ఏకాదశి జాగరణకు మా ఇంట్లో ఆడేదే. బడి గది నేల మీద ముగ్గుపిండితో పెద్ద పటం వేసి, పాములూ నిచ్చెనలూ గీసి, గడి గడికీ ఒక బొమ్మ పెట్టాను. కుండ, వాన, కర్ర, మేక. పిల్లలే పావులు. గవ్వలు వేసి, పడినన్ని గడులు నడిచి, నిలబడ్డ గడిలోని బొమ్మ పేరు ఇంగ్లీషులో చెప్పాలి. ఒకరు చెప్పగానే గదంతా భజనలోలాగా అందుకోవాలి. పాము నోట్లో పడ్డా మాట చెబితే పాము వదిలేస్తుంది. ఈ నియమం విని ఆ ఊరి భజన మండలిలో అందరికంటే పెద్దాయన, "ఇంగిలీషు జెప్తె పాము ఇడుస్తదా? మరి ఇన్నేండ్ల సంది నామం జెప్పుకుంట మేమెందుకు మింగించుకుంటున్నమే?" అని అందరి ముందూ ఆట పట్టించాడు.

ఆట బాగా సాగింది గానీ ఒకటి నాకు అంతుపట్టలేదు. ఎవరూ గెలిచేవారు కాదు. పైమెట్టు దగ్గర కాచుకుని ఉండే పెద్ద పాము అరుకాసురుణ్ణి కూడా దాటుకుని, చివరి గడికి ఒక్క గడి ముందు ప్రతి పిల్లా ఆగిపోయి, ఇగ సాలు అని పక్కకు తప్పుకునేది. మాట కష్టమైందేమో అనుకుని చివరి గడిలో బొమ్మ మార్చాను. గంట తీసేసి పువ్వు, పువ్వు తీసేసి దీపం. అయినా ఆగిపోయేవారు. గవ్వల్లో తప్పుందా, నా నియమాల్లో తప్పుందా అని ఇంట్లో వంట చేస్తూ కూడా అదే ఆలోచన.

మంద కదిలే రోజు రానే వచ్చింది. గొంగడి భుజాన వేసుకుని పాప నాయిన గడప దగ్గర నిలబడ్డాడు. లోపల పిల్లలంతా ఒక మాట అందుకుంటున్నారు. ఆయన తల పక్కకు వంచి విని, "గిండ్ల మా పిల్ల గొంతు గూడ ఉన్నది" అన్నాడు. ఇంత గోలలో ఎలా తెలిసిందని అడిగాను. "మందల ఏ పిల్ల అరిసినా దాని తల్లి ఏదో చెప్త. నా బిడ్డ గొంతు నాకెరుక గాదా? అయితె గుంపుల ఎవలన్న అరుస్తరు. ఒక్కతిని అనుమను."

అప్పుడు పాప వంతు. గవ్వలు వేసింది, నడిచింది, పెద్ద పామును దాటింది, అందరిలాగే చివరి గడి ముందు ఆగిపోయింది. మాట రాలేదనుకుని నాయిన పిల్ల సంచీ అందుకోవడానికి వంగాడు. నేను ఎందుకాగినవే అని మొదటిసారి అడిగాను. అన్ని రోజులూ ఎవర్నీ అడగనే లేదు. పాప నా ముఖంలోకి వింతగా చూసి, "ఆడ దేవుడుంటడు గద టీచర్. కాలెట్ల వెడ్తరు?" అంది.

పిల్లలందరికీ తెలిసిన సంగతే. భజనల ఇంటి ఆడబిడ్డకు వేరే చెప్పాలా అని వాళ్లనుకున్నారట. మరుక్షణం పాప మోకాళ్ల మీద కూర్చుని, ఆ గడి మీద అరచెయ్యి ఆనించి, కళ్లకద్దుకుని, "ల్యాంప్" అంది. ఒక్కతే అంది. తర్వాతే గదంతా అందుకుంది.

నాయిన సంచీ వదిలేసి గొంగడి సర్దుకున్నాడు. "అవ్వ కాడ ఉండనీ. నోరున్నదని ఎరుకైంది, సాలు" అని, మంద వెంట ఒక్కడే పోయాడు. ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. ఆ రోజు నుంచి మా బడిలో చివరి గడిని చేత్తో తాకి గెలవడమే నియమం.

ఆ బడిని తర్వాత పక్క ఊరి బడిలో కలిపేశారు. అక్కడి పిల్లలు నాకంటే చక్కగా ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, అందుకు ఆ స్వామికి దణ్ణం పెట్టుకుంటాను. కానీ బడి బస్సు గేటు లోపలే ఆగుతుంది, తండ్రులు గేటు బయటి నుంచే తిరిగిపోతారు, ఏడాదికి రెండుసార్లు వచ్చి మార్కులు చూసుకుంటారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా, బిడ్డ మాట ఒక్కటి చెవిన పడితే చాలునని మందను ఊరి బయట నిలిపి వచ్చి గడపలో నిలబడ్డ ఆ మనిషి లాంటి వాళ్లకు, ఇప్పటి బడుల్లో నిలబడే జాగా ఎక్కడుందో నాకు తెలియడం లేదు.