సోమవారం తేనెటీగలు

నా చివరి పోస్టింగు తిరువూరులో, ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా. కరోనా సద్దుమణిగి తరగతులు మామూలుగా సాగుతున్న తొలి ఏడాది అది. మూడో సంవత్సరం పిల్లల ప్రాజెక్టుల్లో లెక్కల భాగం చూసే బాధ్యత నాకు అప్పగించారు. కాలేజీ మొత్తమ్మీద ఒక్క ప్రాజెక్టునే ఎంపిక చేస్తారు. ఆ విద్యార్థికి వేసవిలో యూనివర్సిటీ ల్యాబ్‌లో శిక్షణ. పెనుగొలను నుంచి బస్సులో వచ్చే సువార్తకు ఆ శిక్షణ మీదే కన్ను.

ఆమె అంశం మామిడి పూత మీద వాలే తేనెటీగలు. ఊరి పక్క తోటలో కొన్ని చెట్లు ఎంచుకుని, రోజూ ఉదయం ఒకే వేళకు వెళ్లి, పది నిమిషాల్లో ఎన్ని వాలాయో లెక్కపెట్టేది. ఆదివారం మాత్రం చర్చికి వెళ్లాలి కాబట్టి సెలవు. పూత కాలం సగం గడిచాక అంకెలు కంప్యూటర్‌లో ఎక్కించి గ్రాఫు గీశాం. సోమవారం గీత నిటారుగా లేస్తోంది, బుధవారానికల్లా చతికిలబడుతోంది. ప్రతి వారమూ అదే తంతు.

సువార్త ముఖం మాడిపోయింది. ఇంట్లో కూచుని అంకెలు వేసిందంటారని భయం. సోమవారాలు తీసేస్తానంది. మిగతావాటితో కలవని అంకెను మేము అవుట్లయర్ అంటాం. కొలతలో తప్పు జరిగిందని తేలితే తప్ప దాన్ని తీసేయకూడదు. ఆ మాటే గట్టిగా చెప్పాను. నిజానికి అప్పటికే నాకు ఒళ్లంతా హుషారుగా ఉంది. ఎండకీ మంచుకీ వారాలు తెలియవు, ఈగలకు క్యాలెండరు లేదు. ఏడు రోజులకోసారి తిరిగేవి మనుషుల పనులే!

ఆదివారం మీ ఊళ్లో ఎవరెవరు ఏం చేస్తారని అడిగాను. తనూ అమ్మా చర్చికి వెళతామంది. కూలికి పోయే వాళ్ల వీధి మొత్తం అక్కడికే వస్తుందంది. అంతలో ఆగిపోయింది.

“సార్, మందు కొట్టేవాళ్లంతా చర్చిలోనే ఉంటారండి.”

పూతకు పట్టే తేనెమంచు పురుగుకి మందు కొట్టే ముఠాలు వారమంతా ఏదో ఒక తోటలో ఉంటాయి. ఆదివారం ఒక్కటే పంపుల మోత వినబడదు. మందు పడని ఆ రోజు తర్వాతే, సోమవారం ఈగలు తోటలోకి తిరిగొస్తున్నాయన్నమాట. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కానీ తోచిన కారణమల్లా నిజం కాదు, పరీక్షించాలి. వచ్చే గురువారం చర్చి వార్షికోత్సవమనీ, ఆ రోజు ఎవరూ పనిలోకి పోరనీ సువార్తే చెప్పింది. రిపోర్టు ఇవ్వాల్సింది శుక్రవారం సాయంత్రం. శుక్రవారం పొద్దున ఈగలు సోమవారమంత వాలతాయని ముందే కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను. అది తప్పితే మా కారణం చెల్లదు. గ్రాఫును నమ్మేవాళ్లుండరు, శిక్షణ సంగతి మరిచిపోవాల్సిందే.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆశపడేవాళ్లు లెక్కపెడితే నాలుగు ఎక్కువే కనబడతాయి. అందుకని శుక్రవారం పొద్దున మా బోటనీ లెక్చరర్ ప్రసాద్ గారిని, సంగతేమీ చెప్పకుండా స్కూటర్ మీద తోటకు తీసుకెళ్లాను. ఈగలు లెక్కపెట్టమని ఆయన్ను చెట్టు కింద నిలబెట్టి, నేనూ సువార్తా దూరంగా గట్టు మీద కూర్చున్నాం. సువార్త చున్నీ కొస నలుపుతోంది. నాకూ కాలు నిలవడం లేదు.

కాసేపటికి ప్రసాద్ గారు విసుక్కున్నారు. “ఏం ఈగలండీ బాబూ ఇవి! నా ఒక్కడి వల్ల కాదు, ఇంకో మనిషిని పంపండి.”

సువార్త నా వైపు చూసి పకపకా నవ్వేసింది. ఆ పూట అంకె సోమవారాలనే దాటింది. నా వయసుకు తగని పనే గానీ, గట్టు మీద చప్పట్లు కొట్టాను. ప్రసాద్ గారికి నేను చెప్పేదాకా ఏమీ అర్థం కాలేదు.

ఒక్క శుక్రవారంతో రుజువైపోయినట్టు కాదని రిపోర్టులో రాయించాను. అయినా ఎంపికైంది ఆ ప్రాజెక్టే. వేసవిలో సువార్త యూనివర్సిటీకి వెళ్లింది. తీసేద్దామనుకున్న సోమవారాలే ఆ రిపోర్టు మొదటి పేజీకి ఎక్కాయి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, అంకెలు కుదరడం లేదని వచ్చిన ఏ విద్యార్థినీ ముందుగా ఫార్ములా చూపించమనలేదు. ఆ రోజు ఊళ్లో ఎవరు పనిలోకి వెళ్లలేదో కనుక్కుని రమ్మన్నాను.