చక్రం తిరగని పాటలు

మా అత్త మంచం పట్టినప్పటి నుంచి, పొద్దుగూకగానే ఆమె దగ్గర కూర్చుని కీర్తన పాడే పని నాది. ఆమె ఉండేది చిన్నకొడుకు ఇంట్లో, చెన్నూరులోనే, మా ఇంటికి రెండు గల్లీల అవతల. తిండి, స్నానం, మందులు అన్నీ మా తోటికోడలే చూసేది. నాకు మిగిలింది ఆ పాట ఒక్కటే. పెద్దకోడలిని అనిపించుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

నాది తేనె గొంతేమీ కాదు. కానీ అత్త శ్రుతి నాకు తెలుసు. పళ్ళు ఊడాక ఆమె గొంతు బాగా కిందికి దిగింది. నేనూ అక్కడికే దిగి ఎత్తుకునేదాన్ని. పల్లవి నేను పాడితే, తిరిగి అందుకోవడం ఆమె వంతు. అప్పుడు కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకునేది. తోటికోడలు వంటింట్లోంచి తొంగి చూసేది. చూడనీ అనుకునేదాన్ని.

తోటికోడలు కరీంనగర్ పిల్ల. చేతిలో ఫోను లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మొదట్లో ఆ ఫోనులోనే అత్తకు పాటల వీడియోలు పెట్టేది. అత్త పడుకునే వెనక గదిలో సిగ్నల్ సరిగా ఉండదు. చరణం మధ్యలో పాట ఆగిపోయి, తెర మీద గుండ్రంగా చక్రం తిరుగుతూ ఉండేది. అత్త విసిగిపోయి, అది బంద్ పెట్టి పెద్దదాన్ని పిలువు అనేది. ఆ చక్రం మీద నాకున్నంత ప్రేమ ఇంకెవరికీ ఉండి ఉండదు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి మంచం పక్కన చిన్న స్పీకరు పెట్టె, అందులోంచి ఆగకుండా పాట. ఇదేమిటంటే తోటికోడలు సంబరంగా చెప్పుకొచ్చింది. ఏదో వెబ్‌సైటు ఉందట. వీడియో లింకు కాపీ చేసి అందులో వేస్తే, కాసేపటికి పాట ఫైలుగా మారి ఫోనులోకి దిగుతుందట. ఉత్తుత్తి బటన్లు చాలా ఉంటాయట, వాటిని నొక్కితే పేకాట ప్రకటనలు వస్తాయట, అసలుది ఎక్కడో కింద చిన్నగా ఉంటుందట. సిగ్నల్ ఉన్న డాబా మీద కూర్చుని అన్నీ దించి, మెమరీ కార్డులో వేసి పెట్టెకు పెట్టింది.

"అక్కా, ఇగ నీకు రోజు అచ్చే తిప్పలు తప్పింది" అంది.

ఆ మాట ఆమె మంచికే అన్నదని ఇప్పటికీ నమ్మను. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. మా ఆయన అడిగితే కూరలో ఉప్పెక్కువైందన్నాను. వండింది నేనే.

ఆ తర్వాత నేను వెళ్ళింది పాడటానికి కాదు, కళ్ళలో నిప్పులు పోసుకుని తప్పులు వెతకడానికి. దొరికాయి కూడా. పాట అయిపోయాక ఆ పాడినాయన, మా వీడియోను పదిమందికి పంపండి, గంట గుర్తు నొక్కండి అని ఎంతో భక్తిగా చెప్పేవాడు. పాటతోపాటు ఆ ముక్కా దిగింది. అత్త దాన్ని ముగింపు ప్రార్థన అనుకుని, చేతులు జోడించి ఆమెన్ అనేది. నేను ఇరుగూపొరుగూ అందరికీ చెప్పి నవ్వాను. ఇంకొకటీ కనిపెట్టాను. ఆ గొంతులన్నీ పైస్థాయివి. అత్త అందుకోబోయి, అందక, పెదవులు మాత్రం కదిపేది. నా గొంతు పోయింది బిడ్డా అని ఒకసారి బాధపడింది. జాలి పడాల్సింది పోయి నాకు సంతోషమేసింది. పెట్టె ఆపి, కింది శ్రుతిలో ఎత్తుకున్నాను. ఆమె గొంతు ఎక్కడికీ పోలేదు. చక్కగా అందుకుంది. తోటికోడలు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ ఏడు మా చర్చి కోత పండుగలో నన్ను ఒక్కదాన్నే పాడమన్నారు. వేదిక ముందు సొరకాయలు, వడ్ల మూటలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ కోసం దాన్నంతా లైవ్ పెట్టారు. అత్తకు ఇష్టమైన కీర్తనే, ఆమెకు సరిపోయే శ్రుతిలోనే పాడాను. మస్కట్‌లో కూడా విన్నారని తెలిసి కొన్నాళ్ళు నేల మీద నడవలేదు. వెంటనే పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఒళ్ళు హూనమై అత్త దగ్గరికి వెళ్ళలేకపోయాను. నా కోసం కలవరిస్తూ ఉంటుందిలే అనుకుంటే లోపల తీపిగానే ఉండేది.

పత్తి అయ్యాక వెళ్ళిన సాయంత్రం, వెనక గది గుమ్మం దాకా పాట వినిపించింది. కింది శ్రుతిలో ఉంది. అత్త ఒక్క మాట తప్పకుండా అందుకుంటోంది. పల్లవి పాడుతున్నది నేను. తోటికోడలు ఆ కోత పండుగ వీడియోలోంచి నా పాటను కూడా ఫైలు చేసి కార్డులో వేసింది.

"అత్తా, నేనచ్చిన" అన్నాను.

ఆమె కళ్ళు తెరిచి చూసింది. నన్ను గుర్తుపట్టింది కూడా.

"కూసో బిడ్డా, జర సప్పుడు చెయ్యకు" అంది. "పెద్దకోడలు పాడుతాంది."

కూర్చున్నాను. తోటికోడలి మీద కూడా నేనెన్నడూ అంతగా కుళ్ళుకోలేదు. పెట్టెలో ఉన్నదానికి పత్తి చేను లేదు, నడుము నొప్పి లేదు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పాడుతుంది. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని ఆపుకున్నాను. పాట అయిపోగానే అత్త మళ్ళీ పెట్టమంది. బటన్ నాకే దగ్గరగా ఉంది. నేనే నొక్కాను.