పైవూరి పిన్ని మడిచిన నవల

మా బైండింగు షాపులో నా పక్క పీట ఆమెది. ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లు దాటినా వీధిలో అందరికీ ఆమె పైవూరి పిన్నే. ఇంకెన్నేళ్లుంటే ఈ ఊరి మనిషవుతుందో ఆ మహానుభావులే చెప్పాలి. భర్త పోయాడు, పిల్లల్లేరు. సాయంత్రం షిఫ్టులకు వెళ్లే తల్లులు తమ పిల్లల్ని ఆమె గదిలో వదిలి వెళ్లేవారు. ముక్కులు తుడిచి, జోల పాడి నిద్రపుచ్చేది. ఆమె ప్రాణమంతా ఆ పిల్లల మీదే.

వీధి చివర ఒక రచయిత ఉండేవాడు. రోజూ ఆమె గుమ్మంలో కూర్చుని, టీ తాగుతూ, ఆమె పుట్టింటి సంగతులన్నీ అడిగేవాడు. చివరికి ఆయన నవల మా షాపుకే వచ్చింది.

మాకు పుస్తకం ఒక్కసారిగా రాదు. పదహారేసి పేజీల పెద్ద కాగితాలు, ఫారాలంటాం, అచ్చయినవి అయినట్టు వస్తుంటాయి. మొదటి ఫారాలు మడతపెడుతూ పిన్ని చదివింది. అందులో ఉన్నది ఆమే. ఆ కుంటినడక, ఆ యాస, ఆ జోలపాట, అన్నీ. ఇక ఆమె కాళ్లు నేలమీద నిలిస్తేగా! పుస్తకంలోకెక్కాక తనను ఎవరూ బయటిమనిషి అనరని ఆమె ఆశ. ఇంటింటికీ వెళ్లి, అందులో ఉన్నది నేనే, తప్పకుండా చదవండని చెప్పుకొచ్చింది. మిగతా ఫారాలు రానీ పిన్నీ అన్నాను. నా మాట ఎవరు వింటారు?

చివరి ఫారాలు తర్వాత వచ్చాయి. వాటిలో ఆ పరాయి ఊరి మనిషి పక్కింటి బిడ్డను ఎత్తుకుని మాయమైపోతుంది. పిన్ని మడిచిన కాగితం విప్పి మళ్లీ చదివింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని రచయిత ఇంటికి వెళ్లింది.

"బాబూ, నేనెప్పుడైనా ఎవరి బిడ్డనైనా ఎత్తుకుపోయానా?"

ఆయన నవ్వాడు. "అది నువ్వు కాదు పిన్నీ, పాత్ర. ఎక్కడినుంచో వచ్చిన మనిషన్నాక ఏదో ఒక గుట్టు ఉండాలి. లేకపోతే కథ ఎవరు చదువుతారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు మాత్రం ఏ గుట్టూ ఉండదు, పాపం!

పుస్తకం వచ్చింది. ఆమె చెప్పింది కదా, వీధంతా చదివింది. ఎవరూ ఆమెను ఒక్క మాటా అనలేదు. ఒకరి పిల్లకు జలుబన్నారు, ఇంకొకరింటికి నానమ్మ వచ్చిందన్నారు. గది ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి ఒక్క చిన్నపిల్ల మిగిలింది. ఒకరోజు నేనక్కడ ఉండగానే ఆ పిల్ల తల్లి కూడా వచ్చి, "ఏమీ అనుకోకు పిన్నీ, కథేనని నాకూ తెలుసు. మా అత్తగారే ఊరుకోవడం లేదు" అంది.

పిన్ని ఆ పిల్లకు సగం అల్లిన జడ పూర్తిచేసి రిబ్బను కట్టింది. ఆ పసిది ఆమె మెడ కరుచుకుని, ఈ అమ్మమ్మ దగ్గరే ఉంటానని ఏడుపు లంకించుకుంది. చూడలేకపోయాను. పిన్ని ఆ చిట్టి వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది.

"వెళ్లు తల్లీ. నువ్విలా పట్టుకుంటే, నేనే నిన్ను పట్టుకున్నాననుకుంటారు" అని, తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.