ప్లేటు దిగి కొట్టుర్రి

మా బావ చెంప మీద మొదటి దెబ్బ పడినప్పుడు నేను అటు చూడనే లేదు. కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాల్లో ఏదో తప్పు కనిపిస్తుంటే అది చదువుతున్నాను. చప్పుడు మాత్రం వినపడింది. కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి, ఏ చప్పుడైనా నాకు ముందు సరుకులాగే వినిపిస్తుంది. నూనె డబ్బా మూత ఎగిరి పడిందేమో అనుకున్నాను. తల తిప్పేసరికి బావ కుర్చీలో లేడు. గోడకు ఆనుకొని ఉన్నాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. కిటికీలోంచి లోపలికి దూరిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి పోయే దారిలో హైవే పక్కన మా బావ ధర్మకాంటా నడుపుతాడు. బళ్లను తూచే పెద్ద కాంటా. నేలకు సమానంగా ఒక ఇనుప ప్లేటు, దాన్ని ఆనుకొని గది, గది నెత్తిన ఎర్ర అంకెల బోర్డు. వెనక ఖాళీ జాగాలో ఒక సేటు చెరుకు కొని, లారీలకెత్తి కర్ణాటక మిల్లులకు పంపుతాడు. రైతు ట్రాక్టరు ముందు చెరుకుతో కాంటా ఎక్కుతుంది. వెనక్కు పోయి దించి, ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది. మొదటి బరువులోంచి రెండో బరువు తీసేస్తే మిగిలేది చెరుకు. ఆ తీసివేత చేసి చీటీ కొట్టే ప్రోగ్రాం నేను రాసిందే. పట్నం కంపెనీకి ఇంట్లో కూర్చుని పనిచేసే నాకు అదొక ఆటలాంటి పని. ఊరికే రాసివ్వలేదు లెండి. ఆదివారం ఆదివారం అక్క ఇంట్లో మటన్ అని బేరం కుదుర్చుకున్నాకే కీబోర్డు ముట్టుకున్నాను.

గొడవ మొదలైన వారంలోనే నేను ప్రోగ్రాం మార్చాను. పాతది నెమ్మదిగా ఉందని బావ పోరుపెడితే కొత్తది తయారుచేసి పెట్టాను. ఆ మరునాటి నుంచే రైతులు చీటీ చూసి మొహం చిట్లించడం మొదలైంది. చెరుకు తగ్గుతోందని ఒకరు, కాంటాలో ఏదో పెట్టిన్రని ఇంకొకరు. కోహీర్ రైతు ఒకాయన చీటీని నమిలి బావ మొహాన ఉమ్మాడు. ఎవరో కుర్రాళ్లు బావ మోటార్ సైకిల్ ట్యాంకు మీద రాయితో కొట్టి 'దొంగ' అని గీశారు. కొత్త ప్రోగ్రాం వచ్చింది, బరువు పోయింది. కాబట్టి ప్రోగ్రామే దొంగ. అందరూ అదే అన్నారు, నేనూ అదే నమ్మాను.

మా కొట్టు మేడ మీద గదిలో కూర్చుని ప్రతి వరుసా చదివాను. దొంగ అంకెలిచ్చి నడిపి చూశాను. పెద్దవి, చిన్నవి, అడ్డదిడ్డమైనవి. నా దగ్గర ఉన్నంతసేపూ బుద్ధిగా లెక్క చెప్పేది. కాంటా దగ్గరికి పోగానే గంగవెర్రులెత్తేది. అత్తగారింట్లో ఒకలా పుట్టింట్లో ఒకలా ఉండే కోడలిని చూశాను గానీ, ప్రోగ్రాంను చూడటం అదే మొదలు. చివరికి నా సరంజామా అంతా మోసుకొని కాంటా గదికే పోయాను. అక్కడి కంప్యూటర్ మీదే కూర్చుని, అక్కడి అంకెల మీదే దొంగను పట్టాలని.

ఆ పూట కాంటా మీద న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చిన రైతు ట్రాక్టరు ఉంది. తలకు ఎర్ర తువ్వాల చుట్టుకున్న పెద్దాయన. వెంట తమ్ముడు, ఆ తమ్ముడి భుజాలు మా కొట్టు షట్టరంత వెడల్పు. చెరుకు దించేశారు. ఖాళీ ట్రాక్టరు తూచారు. పెద్దాయన బోర్డు చూశాడు.

"మల్ల తూచు," అన్నాడు.

బావ మళ్లీ తూచాడు. ఖాళీ ట్రాక్టరు బరువు ఇంకా పెరిగింది. అంటే చెరుకు ఇంకా తగ్గింది. ఈలోగా గొడవ విని చుట్టుపక్కల బళ్లవాళ్లంతా వచ్చి కిటికీ ముందు మూగారు.

"ఏందిరా భై ఇది? నిలబడ్డ జాగల్నే బరువు పెరుగుతదా? మా ట్రాక్టరు గిట్ల కడుపుతోటున్నదా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో దయ లేదు.

"పెద్దాయినా, జర ఆగు. మా బామ్మర్ది మిషన్ సూస్తుండు," అన్నాడు బావ.

"సూస్తుండా, పెడ్తుండా?"

"దేవుని మీద ఒట్టు..."

దేవుడి పేరు పూర్తికాలేదు, షట్టరు తమ్ముడి చెయ్యి కిటికీలోంచి వచ్చింది. అదే నేను చూడని దెబ్బ.

నాకు తెలిసిన విద్య ఒక్కటే, బేరం. లేచి చేతులు జోడించాను. "అన్నా, అర్ధగంట టైమియ్యి. నా తప్పైతే నేనే చెప్త. చాయ్ చెప్త, అందరు తాగుర్రి."

"నీ చాయ్‌ల నువ్వే మున్గు."

"పావుగంట?"

"సంతకొచ్చినవారా నువ్వు?"

ఇంకా కిందికి దిగేవాణ్ణే గానీ ఎవరో చెరుకు గడ విసిరారు. కణుపు సరిగ్గా నా కనుబొమ్మ మీద తగిలింది. బేరం అక్కడితో తెగింది.

కూర్చుని పనిలో పడ్డాను. నా ఆలోచన సులువైనదే. కాంటా నుంచి వచ్చే ప్రతి అంకెనూ, వచ్చింది వచ్చినట్టు, తెర మీద ఒకదాని కింద ఒకటి చూపించే ముక్క ఒకటి ప్రోగ్రాంలో కలిపి మళ్లీ తయారుచేయాలి. అప్పుడు దొంగతనం ఎక్కడ జరుగుతోందో కంటితోనే చూడొచ్చు. కలిపాను. తయారుచేయమని మీట నొక్కాను. ఎర్ర అక్షరాలు. ఫైలు వాడుకలో ఉంది, దాని మీద కొత్తది రాయడం కుదరదు అంటోంది. నిజమే, పాత ప్రోగ్రాం నడుస్తూనే ఉంది మరి. దాన్ని ఆపితేనే కొత్తది పుడుతుంది. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. బతిమాలితే తగ్గించడానికి అది మా బజారు దుకాణం కాదు, ఒకే రేటు బోర్డు తగిలించుకున్న దుకాణం.

"బావా, ప్రోగ్రాం బందు చెయ్యాలె," అన్నాను.

బావ చొక్కా అంచుతో పెదవి నొక్కుకుంటున్నాడు. "బందు చేస్తె బయట బోర్డు చీకటైతది. అంకెలు మాయం చేసిన్రని చంపుతరు."

"చెయ్యకపోతె?"

"చెయ్యకున్నా చంపుతరు. కానీ జర ఆగి చంపుతరు."

బావది న్యాయమైన మాటే. నేను మాత్రం ఆపేశాను.

బోర్డు ఆరిపోయింది. తర్వాత రాయి వచ్చింది. కిటికీ అద్దం పగిలి కీబోర్డు నిండా పడింది. ఆ అద్దం పెంకుల్లోనే వేళ్లు తెగుతుంటే మీట నొక్కాను. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. ప్రోగ్రాం తయారైంది. నడిపించాను. బోర్డు మళ్లీ వెలిగింది. కానీ అప్పటికి బోర్డు చూసేవాడెవడు? తలుపు గొళ్లెం ఊడిపోయింది. షట్టరు తమ్ముడు లోపలికొచ్చి బావను మెడకింద చెయ్యేసి పట్టుకున్నాడు. నేను అతని నడుము పట్టుకొని లాగాను. మోచేతితో ఒక్కటిచ్చాడు. నా పక్కటెముకలు ఈ రోజుకీ చలికాలంలో ఆ మోచేతిని తలుచుకుంటాయి. బావను ఈడ్చుకుపోయాడు. నేను బల్ల కింద పడ్డాను.

పడ్డచోటి నుంచి తెర కనిపిస్తోంది. అంకెలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. ట్రాక్టరు కదలడం లేదు, ఇంజను కూడా ఆపే ఉంది. అంకెలు మాత్రం కుదురుగా లేవు. నేను ఊపిరి తీసుకోవడానికి తంటాలు పడుతూ చూస్తున్నాను. బావను గుమ్మం దాటించగానే అంకె ఒక్కసారిగా పైకి ఎగిరింది. బయట ధబ్బుమని చప్పుడు. బావను ఎత్తి పక్కనున్న బురదలోకి విసిరారు. అంకె తొంభై కిలోలు పడింది. "లెవ్‌రా దొంగా!" అన్న అరుపు, మళ్లీ చొక్కా పట్టి లాగారు. మళ్లీ తొంభై పైకి.

ఆ తొంభై మా బావ.

అప్పుడు లేచి, ఆ వారంలో మొదటిసారి, కిటికీలోంచి కిందికి చూశాను. వారమంతా ముసురు పట్టి వానలు. గది చుట్టూ మోకాటిలోతు నల్ల రేగడి బురద. కాలు పెట్టడానికి పొడిగా ఉన్న జాగా ఒక్కటే, ఇనుప ప్లేటు. దాని అంచులు బురదకింద, చెరుకు ఆకు కింద ఎప్పుడో కనపడకుండా పోయాయి. బరువు సరిగా తూస్తున్నాడా లేదా అని చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ ఆ కాంటా మీదే నిలబడి చూస్తున్నాడు. చెరుకుతో తూచేటప్పుడు ఎవరూ రారు, అనుమానమంతా చీటీ వచ్చే రెండో తూకం దగ్గరే. వీళ్లందరి బరువూ ఖాళీ ట్రాక్టరులో కలుస్తోంది, చెరుకులోంచి పోతోంది. అనుమానం పెరిగినకొద్దీ మనుషులు పెరిగారు, మనుషులు పెరిగినకొద్దీ చెరుకు తగ్గింది. కొత్త ప్రోగ్రామూ వానా ఒకే వారంలో వచ్చాయి. మేమంతా కలిసి ప్రోగ్రాంను పట్టుకున్నాం.

బావ మొదటిరోజు వాళ్లను దూరం జరగమన్నాడట. "ఎందుకు, మేం సూస్తే నీకు భయమా?" అన్నారట. దొంగ అనిపించుకున్నవాడు జరగమంటే ఇంకేదో దాస్తున్నట్టేనని ఆ తర్వాత నోరెత్తలేదు. నలుగురు నిలబడితే ఏమవుతుందిలే అనుకున్నాడు. నలుగురు గుంపయ్యారు.

కిటికీలోకి ఎక్కి అరిచాను. "దిగుర్రి! ప్లేటు దిగుర్రి! మీ బరువే అది!"

ఎవరూ వినలేదు. విన్నవాడు చెరుకు గడతో నా భుజం మీద వేశాడు. కింద బావ ముడుచుకొని పడుకున్నాడు, చేతులు తలమీద పెట్టుకొని. చెప్పుకాళ్లు, వట్టికాళ్లు మీద పడుతున్నాయి. షట్టరు తమ్ముడు వంగి అతని జుట్టు పట్టుకొని తల పైకెత్తుతున్నాడు. ఇనుప ప్లేటుకేసి కొట్టడానికే ఎత్తుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

మా నాన్న కొట్టులో కోపంతో వచ్చిన గిరాకీకి ఎప్పుడూ ఎదురు చెప్పడు. నువ్వన్నదే నిజం అంటాడు, అని అతన్ని నిలబడ్డ చోటునుంచి కదిలిస్తాడు. లోపలికి రమ్మంటాడు, వెలుతురులో చూద్దాం రమ్మంటాడు. కదిలిన మనిషి సగం చల్లబడతాడని ఆయన నమ్మకం. నాకు ఆ క్షణంలో అంతకన్నా గొప్ప ఆలోచన రాలేదు.

"దొంగనే! మా బావ దొంగనే!" గొంతు చించుకొని అరిచాను. "కొట్టుర్రి! ఎవ్వడద్దన్నడు? కానీ ప్లేటు దిగి కొట్టుర్రి! రోడ్డు మీదికి తీస్కపోయి నలుగురు సూడంగ కొట్టుర్రి!"

అది మాత్రం అందరికీ వినపడింది. సొంత బామ్మర్దే అన్నాక ఇంకేం కావాలి? ఒక హుషారు కేక లేచింది. బావ తల పట్టుకున్నవాడు అది వదిలి కాళ్లు పట్టుకున్నాడు. కాళ్లు పట్టి ఈడ్చుకుంటూ రోడ్డు వైపు పోతుంటే, గుంపంతా వెనకాలే పోయింది. ఈడుస్తుండగా బావ నా వైపు చూశాడు. ఆ చూపు గురించి నేనిక్కడ రాయను.

ఎర్ర తువ్వాల పెద్దాయన మాత్రం ట్రాక్టరు పక్కనే ఉండిపోయాడు, ఇంకో ముగ్గురు నలుగురు బరువైన మనుషులతో.

"పెద్దాయినా, తిట్టేది తర్వాత తిట్టు. బోర్డు సూడు."

చూశాడు. ఎర్ర అంకె వందలకు వందలు కిందికి పడిపోయి ఉంది. ఖాళీ తూకంలో అంకె పడిందంటే తనకు ఎంత చెరుకు లేచొచ్చిందో చెరుకు పండించినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాళ్ల కిందికి చూశాడు. ఒక కాలు తీసి బురదలో పెట్టాడు. రెండోది తీశాడు. బోర్డు ఇంకాస్త దిగింది. మళ్లీ ఎక్కాడు. పెరిగింది.

"నీ యవ్వ," అన్నాడు, ఎవరినీ కాదు.

తర్వాత చెరుకు గడ అందుకున్నాడు. ప్లేటు మీద మిగిలినవాళ్ల పిక్కల మీద బాదడం మొదలుపెట్టాడు. "దిగుర్రి కొడుకులారా! నా చెరుకు మీద నిలబడ్డరు! దిగుర్రి!" ఒకడు జారి బురదలో బోర్లా పడ్డాడు. పెద్దాయన అదే గడతో రోడ్డు మీదికి పోయాడు. కొట్టడం మొదలుపెట్టించడం సులువే గానీ ఆపించడానికి అంతకన్నా ఎక్కువ కొట్టాలి. సొంత తమ్ముడి వీపు మీద గడ విరిగేదాకా కొట్టాడు. "ఇడువురా! ఇడువు! ఆయనది తప్పు లేదు!" విరిగిన గడ పారేసి, రెండు చేతులా తమ్ముడి చెవులు పట్టి వెనక్కు లాగాకే బావ బయటపడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగకూడని వైపుకు వంగి ఉంది. ముందుపన్ను ఒకటి లేదు.

బావను దవాఖానకు తీసుకుపోయింది ఆ ఖాళీ ట్రాక్టరు మీదే. ఎత్తి పడుకోబెట్టింది షట్టరు తమ్ముడే. విసిరిన చేతులతోనే, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాడు. దారిపొడుగునా బావ తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. గుంతలు వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టాడు. కాంటా తననే తూచిన సంగతి నేను బావకు ఆ దారిలోనే చెప్పాను.

అక్క నాకన్నా ముందే దవాఖాన గుమ్మంలో ఉంది. ఎవరో ఫోన్లో అంతా చెప్పేశారు.

"దొంగ అన్నవట."

"అక్కా..."

"కొట్టుర్రి అన్నవట."

"ప్లేటు దిగి అన్న గదక్కా."

చెంప పగిలింది. ఆ వేళ తిన్న దెబ్బల్లో అదే గట్టిది. "చిన్నప్పటి సంది అన్నిటికి బేరమే. ఇయ్యాల మా ఆయన్నే బేరంల పెట్టినవ్. థూ!"

కట్టు కట్టించుకుంటున్న బావ లోపలి నుంచి, పన్నులేని నోటితో, "ఏయ్, జర ఇడ్చిపెట్టు," అన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని కుడిచెయ్యి ఊపాడు. పోయి పక్కన కూర్చున్నాను. పెద్దాయన, తమ్ముడు తలుపు దగ్గర చెప్పులు చేత పట్టుకొని నిలబడి ఉన్నారు, లోపలికి రావడానికి ధైర్యం చాలక.

"చెప్పినవా వీళ్లకు? నేను దొంగను కాదని అందరికి ఎరుకైందా?"

"ఎరుకైంది బావా. పెద్దాయినే అందరికి చెప్తుండు."

కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి మళ్లీ తెరిచాడు.

"నన్ను తూచిందంటివి గద. ఎంతొచ్చింది?"

"తొంభై."

అక్క వెంటనే తిరిగింది. "నాతోని డెబ్బై అని చెప్పవడ్తివి?"

బావ కట్టుకట్టిన చేతిని చూసుకున్నాడు, నన్ను చూశాడు, గుమ్మంలో నిలబడ్డ న్యాల్‌కల్ పెద్దాయన్ను కూడా సాక్ష్యానికి పిలుస్తున్నట్టు చూశాడు.

"బురద బరువు తీసెయ్యలే వాడు," అన్నాడు.