బస్రా పండితుడు, బీడీల అక్క

నా చిన్నప్పుడు మా ఊళ్లో పిల్లలకు తట్టు పోస్తే మందు మాట ఎత్తేవారు కారు. ఇంటికి అమ్మవారు వచ్చిందనేవారు. వచ్చిన తల్లిని మర్యాదగా చూసుకుని సాగనంపాలే తప్ప మందులతో తరమకూడదని నమ్మకం. పిల్లను చీకటి గదిలో వేపాకుల మీద పడుకోబెట్టి, కిటికీలు మూసి, గుమ్మానికి వేపమండలు కట్టేవారు. కూరల్లో పోపు పెట్టేవారు కారు. బయటివాళ్లు గడప దాటకూడదు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు ఈ మర్యాదలన్నీ నాకూ జరిగాయి.

ధర్మపురికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, గోదావరి ఒడ్డున ఉండేది మా ఊరు. మా బాపు అప్పటికి అరబ్బుల దేశంలో బస్రా దగ్గర రోడ్డు పనికి వెళ్లి ఏడాది దాటింది. ఇంటి పెత్తనం బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపుది. పెద్దబాపు మీద పెత్తనం మా బాపమ్మది. ఆవిడ కొడుకులిద్దరినీ కన్నది తన మాట వినడానికే అన్నట్టు మాట్లాడేది.

మా ఎదురింట్లో బీడీలు చుట్టే అక్క ఒక్కతే ఉండేది. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె కన్ను మంచిది కాదని ఎవరో ఎప్పుడో అన్నారు. అన్నవాళ్లు ఎవరో కూడా ఎవరికీ గుర్తులేదు కానీ మాట మాత్రం ఊళ్లో నిలిచిపోయింది. చంటిపిల్లను ఎత్తుకుని ఆ దారిన పోయే తల్లులు ఆమె అరుగు దగ్గరకు రాగానే పిల్ల ముఖం మీద కొంగు కప్పేవారు. అది చూసి చూసి ఆమె తల ఎత్తడమే మానేసింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, ఎర్రదారం. చూపంతా వాటి మీదే. నాతో మాట్లాడినా నా కాళ్లను చూస్తూ మాట్లాడేది.

చలి ఇంకా పోని రోజులవి. మధ్యాహ్నం పొద్దు వాలాక ఎండ ఆమె అరుగు మీద నిండుగా పడేది. ఆ ఎండలోనే కూర్చుని బీడీలు చుట్టేది. నేను మాత్రం మా గదిలో, చీకట్లో, ఒళ్లంతా దురదతో పడుకుని సున్నం వేసిన గోడను చూస్తూ ఉండేదాన్ని. చూడటానికి ఇంకేముంది కనుక.

ఒక మధ్యాహ్నం ఆ గోడ మీద ఎర్రగా ఏదో కదిలింది. కళ్లు నులుముకుని చూశాను. ఎర్రచీర కట్టుకున్న ఒక మనిషి గబ్బిలంలా తలకిందులుగా ఉంది. చేతులు మాత్రం చకచకా ఆడుతున్నాయి. ఆ చేతులు ఎవరివో నాకు వెంటనే తెలిసింది. భయపడాలన్న సంగతి తట్టక, పక్కనే కునుకుతున్న బాపమ్మను లేపాను.

"బాపమ్మా, ఎదురింటి అక్క మన గోడ మీద తలకాయ కిందికి పెట్టి కూసున్నది" అన్నాను.

జ్వరంలో పలవరిస్తున్నాననుకుని బాపమ్మ నా నుదురు పట్టి చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. చూసి ఆమె పెట్టిన కేకకు వాకిట్లో కట్టేసిన మేక కూడా అరిచింది. ఎవరో తలుపు తోసుకుని లోపలికి రాగానే వెలుగు నిండి, గోడ ఎప్పటిలా తెల్లగా ఉంది. మర్నాడు అదే వేళకు బాపమ్మ పంతం పట్టి తలుపు వేసుకుని కూర్చుంది. మళ్లీ అదే ఎర్రచీర, అవే చేతులు.

ఇక ఇంట్లో ఒకే మాట, బాణామతి. కంటికి కనిపించకుండా మనుషులకు కీడు చేసే ఆ మంత్రవిద్య పేరు చెబితే మా వైపు పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గించేవారు. దాన్ని ఎవరూ రుజువు చేయనక్కర్లేదు, అనుమానం చాలు. బాణామతి చేసే మనిషి పళ్లు ఊడగొడితే నోట మంత్రం పలకదని, చేసిన కీడు పోతుందని అనుకునేవారు. ఆ మాట నిజంగా జరిపించిన ఊళ్లు కూడా ఉన్నాయి.

"పొద్దుమీకి చావడి కాడికి పిలిపిస్తున్న" అన్నాడు పెద్దబాపు. "ఒప్పుకుంటే ఊరు ఇడిచి పోతది. ఒప్పుకోకుంటే పండ్లు ఊడగొట్టుడే."

సాయంత్రం చావడి దగ్గర ఏం జరగబోతోందో గదిలోంచి విన్నాను. ఆమె తినే జొన్నరొట్టె గుర్తొచ్చింది, అది ఏ పళ్లతో తింటుందని ఏడ్చాను. నేను ఏడుస్తున్నది భయంతోనని అందరూ అనుకున్నారు. ఎదురింటి అక్కకు కబురు అప్పటికే చేరింది. అయినా ఆమె ఇంట్లోకి పోలేదు. దాక్కుంటే తప్పు ఒప్పుకున్నట్టేనని అనుకుందో ఏమో, రోజూలాగే అరుగు మీదే కూర్చుందని మా అవ్వ, అంటే మా అమ్మ, నాతో అంది.

మా అవ్వ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అత్తకూ బావకూ ఎదురు చెప్పడం ఆమె ఎరగదు. ఆ రోజు మాత్రం నీళ్లకని బిందె పట్టుకుని బయటకు వెళ్లి, బావి వైపు కాకుండా మసీదు వెనక సందులోకి వెళ్లింది. అక్కడ హకీంసాబ్ ఉండేవాడు. హైదరాబాద్‌లో యునానీ చదివి వచ్చి, మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కళ్ల మందులు, కీళ్ల నూనెలు ఇచ్చే పెద్దమనిషి. అరబ్బీలో, ఫార్సీలో ఉన్న లావుపాటి వైద్యగ్రంథాలు ఆయన ఇంట్లో బియ్యం బస్తాల్లా ఉండేవట.

అవ్వ ఏం చెప్పిందో నాకు తెలియదు. కాసేపటికి ఆయన మా గుమ్మంలో నిలబడి, వేపమండలను చూసి చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కున్నాడు. బాపమ్మ అడ్డం వచ్చింది.

"మందు ఇయ్య పెద్దవ్వా, పిల్లను ముట్ట గూడ ముట్ట" అన్నాడాయన. "గా గోడను జర చూసి పోత. ఫికర్ చెయ్యకు."

ఆవిడ మోకాళ్లకు నూనె ఇచ్చేది ఆయనే. ఆ నూనె మీద గౌరవంతో బాపమ్మ పక్కకు జరిగింది.

ఆయన తలుపు వేయించి, నా మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. బాపమ్మా అవ్వా గోడకు ఆనుకుని నిలబడ్డారు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక గోడ మీద ఎర్రచీర మెల్లగా తేలింది. బాపమ్మ దండం పెట్టుకోవడం మొదలుపెట్టింది. హకీంసాబ్ మాత్రం గోడను ఒకసారి చూసి, వెనక్కి తిరిగి కిటికీని చూశాడు. కిటికీ రెక్కకు మేకు ఊడిపోయిన చిల్లు ఒకటుండేది. అది ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. దానికీ దీనికీ సంబంధముందని ఎవరికి తడుతుంది?

ఆయన ముఖంలో నవ్వు కనిపించింది. కిటికీ దగ్గర నోరు పెట్టి బయట ఉన్న పెద్దబాపును పిలిచాడు.

"పటేలా, జర గా అరుగు కాడికి పోయి ఆమె పక్కకు నిలవడు. నిలవడి కుడిచెయ్యి మీదికి లేపు."

పెద్దబాపు గొణుక్కుంటూ వెళ్లినట్టున్నాడు. గోడ మీద ఎర్రచీర పక్కకు తెల్లధోతి ఒకటి వచ్చి చేరింది. కింద పెద్ద రుమాలు చుట్టిన తల, పైన కాళ్లు. చెయ్యి లేపితే అది నేల వైపు దిగింది. బాపమ్మ దండం పెట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"నా కొడుకు గూడ తలకిందులైండు" అంది.

"మరి చెప్పు పెద్దవ్వా" అన్నాడు హకీంసాబ్. "పొద్దుమీకి చావడి కాడికి ఇద్దర్ని పిలుద్దామా?"

తర్వాత అక్కను లోపలికి వెళ్లమన్నాడు. గోడ మీద ఎర్రచీర ఒక్కటే పోయింది, పెద్దబాపు అలాగే ఉన్నాడు. హకీంసాబ్ చిల్లు మీద అరచేయి పెట్టాడు. పెద్దబాపు కూడా పోయాడు. చేయి తీశాడు. మళ్లీ వచ్చాడు. అవ్వ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆమె అంతలా నవ్వడం అదే మొదలేమో. తర్వాత పెద్దబాపు లోపలికి వచ్చి, తన తల్లిని బయట నిలబెట్టి, ఆవిడ తలకిందులుగా చేతులు ఊపడం చూసి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ ఇంటి మీద కూర్చున్న బండరాయిని ఎవరో దించినట్టయింది. నాకు దురద కూడా తగ్గినట్టే అనిపించింది.

గది తలుపు తెరిచి, గడప మీద కూర్చుని హకీంసాబ్ చెప్పిన కథ నాకు ఇప్పటికీ గుర్తే. వెయ్యేళ్ల కిందట బస్రాలో ఒక పండితుడు పుట్టాడట. మా బాపు ఉండే బస్రాయే. ఆ మాటతో బాపమ్మ దగ్గరకు జరిగింది. ఆయన ఈజిప్టు రాజు దగ్గరకు వెళ్లి అక్కడి నైలు నదిని అదుపు చేస్తానన్నాడట. తీరా వెళ్లి చూస్తే అది తన వల్ల కాదని తెలిసింది. రాజు చంపుతాడని భయపడి పిచ్చివాడిలా నటించాడట. రాజు ఆయనను ఇంట్లోంచి కదలనివ్వలేదట. పోచంపాడు దగ్గర గోదావరికి కట్ట కట్టడం చూసి వచ్చిన పెద్దబాపు, నదితో మాటలా అని తల ఆడించాడు. ఆ పండితుడే చీకటి గదిలో గోడకు చిన్న చిల్లు వదిలి, బయట దీపాలు వరుసగా పెట్టి చూశాడట. ఏ దీపాన్ని మూస్తే లోపల ఆ దీపం వెలుగే పోయేది. వెలుగు తిన్నగా నడుస్తుందని, పైనుంచి వచ్చేది చిల్లులోంచి కిందికి, కిందినుంచి వచ్చేది పైకి పోతుందని, అందుకే బొమ్మ తిరగబడుతుందని హకీంసాబ్ రెండు చేతులు అడ్డంగా పెట్టి చూపించాడు. పండితుడి పేరు రెండుసార్లు చెప్పాడు కానీ మాకు నోరు తిరగలేదు. పెద్దయ్యాక పుస్తకంలో చదివి నేర్చుకున్నాను. అయినా నాకు ఆయన బస్రా పండితుడే.

అంతటితో ఆగి ఉంటే అదొక మంచి తమాషా అయి ఉండేది. లేవబోతూ హకీంసాబ్ ఎదురింటి అరుగు వైపు చూసి, గొంతు మార్చి ఇంకో మాట అన్నాడు.

"గాయన కన్ను గురించి గూడ జెప్పిండు పటేలా. అంతకుముందు కంట్లకెళ్లి ఏందో బయటికి పోయి వస్తువును తాకుతదనేటోళ్లు. గాయన కాదన్నడు. కంట్లకెళ్లి ఏది బయటికి పోదు. బయటి ఎలుగే కంట్లకు వస్తది. ఎవల కన్నయినా గంతే. ఆమె కన్నయినా గంతే."

పెద్దబాపు రుమాలు సర్దుకుని చావడికి వెళ్లి, పొద్దుమీకి ఎవరూ రావద్దని తనే చెప్పి వచ్చాడు.

పెద్దబాపు అటు వెళ్లగానే మా అవ్వ వీధి దాటి వెళ్లి ఎదురింటి అక్క చేయి పట్టుకుని తీసుకొచ్చింది. బయటివాళ్లు రాకూడని గదిలోకి, బాపమ్మ చూస్తుండగానే. తలుపు వేశాక గోడ మీద మా వీధి తలకిందులుగా కనిపించింది. ఖాళీ అరుగు, దాని మీద చాట, ఎవరివో కోళ్లు. అక్క చాలాసేపు చూసింది.

"గింతేనా?" అంది చివరికి. "గింత దానికేనా నన్ను..." అని ఆపేసింది.

అప్పుడు నా వైపు తిరిగింది. కాళ్ల వైపు కాదు. మంచం మీదికి వంగి, పొక్కులున్న నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లలో కళ్లు పెట్టి, ఒక దాహం తీరుతున్నట్టు చూసింది. ఆమె చూపు నా మీద పడ్డందుకు నాకేమీ కాలేదు. హాయిగా ఉంది. అంత ప్రేమగా నన్నెవరో చూస్తున్నారని ఆ చీకట్లో కూడా తెలిసింది. మర్నాడు జ్వరం తగ్గింది. అది ఆమె చూపు మహిమ అని బాపమ్మ ఊరంతా చెప్పింది. ఆవిడతో అంతకంటే వాదించలేక హకీంసాబ్ ఊరుకున్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ పసిబిడ్డను చూడటానికి పదిమంది వచ్చినా, నా కళ్లు వెనక వరుసను వెతుకుతాయి. ఎవరో ఒకామె దూరంగా, తల దించుకుని, పిలుస్తారో లేదోనని నిలబడి ఉంటుంది. బిడ్డను తీసుకెళ్లి మొదట ఆమె చేతుల్లోనే పెడతాను. ముఖం మీది గుడ్డ తీసేసి, కళ్లారా చూడమ్మా అంటాను.