మూడు సెల్లుల టార్చి, మాధురి పిస్టల్

మా చిన్నప్పుడు... బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మంచం మీద పడేసి, కట్టెల గదిలోకి దూరి తలుపేసుకునేదాన్ని. మా బాపు మూడు సెల్లుల టార్చిని కుడిచేత్తో చాపి పట్టుకుని నిలబడేదాన్ని. ఎదురుగా గోడ మీద అమ్మ స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించి ఉండేది. టార్చి మూతికి బఠాణీ గింజంత రంధ్రం ఉన్న అట్టముక్క కట్టి... అందులోంచి వచ్చే వెలుగు ఆ బొట్టు మీద కదలకుండా నిలపాలి. వంద లెక్కపెట్టేదాకా. చెయ్యి వణికితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

మణుగూరు బొగ్గుగనుల కాలనీలో నా పిస్టల్ ప్రాక్టీసు అదే మరి.

ఇదంతా మా పీఈటీ సారు చెప్పిన ఉపాయం. ఆయన మిలిటరీలో చేసి వచ్చినాయన. "నిజం పిస్టల్‌కు లైసెన్సు గావాలె, తూటాలు కొనుడు మనతోని కాదు. గాలి పిస్టలే మనకు సాలు. అది గూడ లేనోళ్ళు టార్చి పట్టుకోండ్రి, బరువు గంతే ఉంటది. చెయ్యి నిలబడుడు నేర్సుకుంటే సగం పని అయినట్టే" అనేవారు. బడికి ఉన్నది ఒకే ఒక్క పాత ఎయిర్ పిస్టల్. వారానికి ఒక్కసారి నా వంతు వచ్చేది. మిగతా రోజులన్నీ టార్చే... సెల్లులు అయిపోతే బాపు కొత్తవి కొనలేదు. అందులో ఇసుక నింపి ఇచ్చి, వెలుగు లేకుంటే ఏంది, బరువైతే ఉంది కదా అన్నాడు.

ఇలా ఉండగా మా క్లాసులోకి మాధురి వచ్చింది. కోస్తా వైపు వాళ్ళు. వాళ్ళ నాన్న మా గనిలోనే ఆఫీసరు. ఆ పిల్లకు హైదరాబాదు నుంచి సొంత ఎయిర్ పిస్టల్ తెప్పించారు. నీలం మఖ్మల్ గుడ్డ పరిచిన పెట్టె... అందులో నల్లగా మెరుస్తూ పిస్టల్... సీసపు గుళ్ళ డబ్బాలు రెండు...

ఉన్నమాట చెప్తున్నాను, నాకు కడుపు మండిపోయింది. ఆమె బూట్లు చూసినా మంటే, జడ చూసినా మంటే. "నువ్వూ కొట్టి చూడవే" అని ఎన్నోసార్లు పిస్టల్ నా చేతికి ఇవ్వబోయింది. నాకేం అక్కర్లేదన్నాను. ఇంటికెళ్ళి ఇసుక టార్చి పట్టుకుని ఏడ్చాను.

ఖమ్మంలో జిల్లా పోటీలు వచ్చాయి. మా బడి నుంచి ఒక్క ఆడపిల్లనే పంపిస్తారు. ఎవరిని పంపాలో తేల్చడానికి సారు ఓ ఆదివారం పొద్దున గ్రౌండులో పోటీ పెట్టారు. గనిలో వాడి పడేసిన కన్వేయర్ బెల్టు ముక్కను గోడకు వేలాడదీసి, దాని మీద నల్ల చుక్క ఉన్న అట్టలు బిగించారు.

నేను ఇంట్లోంచే జేబులో ఒకటి పెట్టుకుని వెళ్ళాను. అమ్మ కుట్టుమిషను స్క్రూడ్రైవరు. మాధురి నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు ఆమె పిస్టల్ వెనక, గురి సరిచేసే చిన్న స్క్రూను మూడు చుట్లు తిప్పేశాను. ఎవరో వస్తున్న చప్పుడైతే గబగబా పెట్టె మూసి పక్కకొచ్చాను.

తీరా చూస్తే ఆ రోజే బడి పిస్టల్ మొరాయించింది. గాలి నిలవడం లేదు. సారు ఇద్దరూ మాధురి పిస్టల్‌తోనే కొట్టాలన్నారు... నేను పాడుచేసిన దాంతోనే నేనూ కొట్టాలి.

ముందు మాధురి కొట్టింది. గుళ్ళన్నీ ఎడమకు పోయాయి. ఆమెకేం అర్థం కాలేదు. గురి ఇటు మార్చి, అటు మార్చి, ఇంకా చెదరగొట్టుకుంది. నా వంతు వచ్చేసరికి అది ఎంత ఎడమకు పోతుందో నాకు లెక్క తెలిసిపోయింది. చుక్కకు కుడిపక్కన ఖాళీ చోటుకు గురిపెట్టి కొట్టాను. పదిలో ఎనిమిది నల్లచుక్కలో పడ్డాయి.

"టార్చి పట్టిన చెయ్యి గిట్ల ఉంటది" అని సారు నా భుజం తట్టారు. మాధురి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అది చూసి నాకు సంతోషమే వేసింది... ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇంటికెళ్ళాక అమ్మ స్క్రూడ్రైవరు కోసం ఇల్లంతా వెతుకుతోంది. జేబు తడుముకున్నాను. లేదు...

ఖమ్మం వెళ్ళే ముందురోజు మాధురి మా క్వార్టరుకు వచ్చింది. చేతిలో ఆ పెట్టె. బడి పిస్టల్ బాగుకాలేదుగా, ఇది తీసుకెళ్ళు అంది. పెట్టె తెరిచాను. నీలం గుడ్డ మీద పిస్టల్... దాని పక్కనే, ఆ రోజు గాభరాలో నేను గుడ్డ మడతలో వదిలేసిన మా అమ్మ స్క్రూడ్రైవరు.

మాధురి మెల్లగా అంది.

"స్క్రూ మళ్ళీ సరిచేశానే. ఇక చుక్క మధ్యకే చూసి కొట్టు."

అంతే. వెళ్ళిపోయింది. సారుకు చెప్పలేదు, వాళ్ళ నాన్నకూ చెప్పలేదు.

ఖమ్మంలో మధ్యకే చూసి కొట్టాను. వంద లెక్కపెట్టేదాకా నిలిచే నా చెయ్యి ఆ రోజు పది కూడా నిలవలేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఆ ఎండాకాలమే వాళ్ళ నాన్నకు బదిలీ అయింది. క్షమించమని ఒక్కమాట అడగలేకపోయాను.

ఉన్నవాళ్ళకేం, పెద్దమనసు చూపించడం సులువే అని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ కుళ్ళే.

ఇప్పుడు మా అమ్మాయి టౌనులో షూటింగ్ నేర్చుకుంటోంది. పిస్టల్ కిరాయికిస్తారు, గుండు ఎక్కడ తగిలిందో ఎదురుగా తెర మీద వెంటనే కనిపిస్తుంది. ఇసుక పోసిన టార్చి సంగతి చెబితే పకపకా నవ్వుతుంది. స్క్రూ సంగతి ఇంకా చెప్పలేదు... ఈ రాత చదివితే తెలుస్తుంది.

మాధురిని చూసి నేను ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను. అప్పుడు పిస్టల్ కోసం... ఇప్పుడు అన్నీ తెలిసీ ‘చుక్క మధ్యకే చూసి కొట్టు’ అనగలిగినందుకు. మీ చిన్నప్పుడు మీరెవరిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారు? పేర్లు వద్దులెండి... సంగతి చెప్పండి చాలు.