మా బావ ఫుట్‌బాల్ జట్టు

మొన్న టీవీలో కప్పు గెలిచిన ఫుట్‌బాల్ జట్టు తమ యజమానిని గాల్లోకి ఎగరేస్తుంటే, సూటు వేసుకున్న ఆ పెద్దమనిషి నవ్వు చూసి నాకు మా బావ గుర్తొచ్చాడు. ఇక అన్నం సహించలేదు.

తొంభైల మొదట్లో మా బావ కేరళ నుంచి ఒంటరిగా వచ్చి మేడ్చల్ హైవే పక్కన పంక్చర్ దుకాణం పెట్టాడు. మన భాష ఒక్క ముక్క రాని మనిషి, లారీ డ్రైవర్ల దగ్గర మా యాస పట్టేసి, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే షెడ్డు కట్టి, కుట్టుపని నేర్చుకోవడానికి ఆ దారినే వెళ్లే మా అక్కను ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. శామీర్‌పేటలో పదిమందికి తీర్పు చెప్పే మా నాయిన ఆ పెళ్లికి వెళ్లలేదు సరికదా, ఇంట్లో అక్క పేరు కూడా ఎత్తనివ్వలేదు. నేనొక్కణ్ణే సైకిలు మీద దొంగచాటుగా వెళ్లి వస్తుండేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నగరంలో ఒక మిల్లు మూతపడి, ఏళ్ల తరబడి లీగులో ఆడుతున్న దాని జట్టు దిక్కులేనిదైంది. చిన్నప్పుడు తన ఊళ్లో వాననీళ్లలో ఉత్తికాళ్లతో బంతి తన్నిన మా బావ ఆ సంగతి విని ఉండబట్టలేక క్లబ్బును తానే తీసుకుని, ఆటగాళ్లకు నెలనెలా జీతమిచ్చి నడపసాగాడు. టైర్లేసేటోనికి ఫుట్‌బాలేందని మేడ్చలంతా నవ్వింది. అల్వాల్ నుంచీ కుత్బుల్లాపూర్ కార్మిక కాలనీల నుంచీ వచ్చే ఆటగాళ్లతో పాటు నేనూ డిఫెన్సులో ఆడేవాణ్ణి; అందరికీ మా అక్కే వండిపెట్టేది.

రోడ్డువార రాళ్లనేలే మా మైదానం. ఒక సాయంత్రం బావ ఒంటి మీద బనీనుతోనే వంగి సున్నంతో గీతలు వేస్తుంటే, మా నాయిన స్కూటరు ఆపి చాలాసేపు చూసి దగ్గరికొచ్చాడు.

"గీ రాళ్లల్ల ఆడితే పోరగాండ్ల కాళ్లు ఏంగావాలె అల్లుడా? చెరువుకాడ మన చెలక ఉత్తగనే ఉన్నది గదా, ఆడనే ఆడుకోండ్రి."

ఆ పిలుపు విని బావ సున్నం కింద పెట్టి బనీను అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాతి ఏళ్లు నా బతుకులో తీపి ఏళ్లు. చేపలు పట్టేవాళ్లు వలలు ఆరేసి వచ్చి గట్టు మీద కూర్చుని కేకలు వేసేవారు, మా నాయిన కుర్చీ వేయించుకుని రిఫరీని తిట్టేవాడు, జట్టు పై డివిజనుకెక్కిన నాడు అక్క పుట్టింటి గడపలో మళ్లీ అడుగుపెట్టింది.

తర్వాత నాయిన పోయాడు. పంపకాల్లో ఆ చెలక, మేం ఆడుకునే ఆ మెట్టభూమి, మా అన్న వాటాకు వచ్చింది. రింగురోడ్డు మాట వినబడేసరికి భూముల ధరలకు రెక్కలొచ్చి, అన్న దాన్ని వెంచర్ వాళ్లకు అమ్మేశాడు. నా వాటా తీసుకుని అది వదిలెయ్యమని బతిమాలినా వినలేదు. ఆటగాళ్లు ధర్నాకు కూర్చుంటామంటే బావే వారించాడు.

"మామ నోటిమాట మీద ఇచ్చిండు, ఆ మామ ఇప్పుడు లేడు. నేను కొట్లాడితె మీ అక్కకు పుట్టిల్లు ఉంటదా?"

చివరి సాయంత్రం కొత్తగా పాతిన హద్దురాళ్ల నడుమ తప్పించుకుంటూ ఆడాం. ఆట ముగించే విజిల్ ఊదలేక బావ దాన్ని నా చేతిలో పెట్టాడు. మైదానం లేని జట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? క్లబ్బు వేరేవాళ్ల చేతికి పోయింది. కొందరికి షెడ్డులోనే పని ఇచ్చాడు. ఆటల మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. రెండేళ్లు తిరక్కుండానే ఓ మధ్యాహ్నం షెడ్డులోనే గుండె ఆగి పోయాడు. అన్న వచ్చి వాకిట్లో నిలబడితే అక్క తలెత్తి చూడలేదు.

బావ కాపాడాలనుకున్న పుట్టిల్లు అలాగే తెగిపోయింది. ఇప్పటికీ అక్క కీసర గుట్టకు పోవాలంటే శామీర్‌పేట తగలకుండా అల్వాల్ మీదుగా చుట్టు తిరిగి పోతుంది. మా ఊరి చుట్టూ ఇప్పుడు గంటలెక్కన అద్దెకిచ్చే పచ్చటి మైదానాలున్నాయి, దీపాలున్నాయి, మంచి బూట్లున్నాయి. ఎక్కడినుంచో వచ్చినవాణ్ణి అల్లుడా అని పిలిచి చోటిచ్చే మనుషులే, చూస్తుండగానే, కరువైపోయారు.